చివర లేని సిగరెట్: రెండు వేప్‌లు పదకొండు నెలలు వాడాక

పదిహేడేళ్ళు సిగరెట్ తాగాను. మామూలు రోజుల్లో పన్నెండు, పని టెన్షన్ ఉన్న రోజుల్లో ఇరవై దాకా. నికోటిన్ ప్యాచ్ వేసుకుని ఒకసారి, నికోటిన్ గమ్ నములుతూ రెండుసార్లు, ఏ సాయం లేకుండా మొండిగా ఇంకోసారి మానేశాను. నాలుగుసార్లూ మళ్ళీ మొదలైంది. అయిదోసారి ఈ-సిగరెట్, అంటే వేప్, పట్టుకున్నాను. మొదటి మూడు నెలలు వాడి పారేసే రకం, అంటే డిస్పోజబుల్. తర్వాత ఎనిమిది నెలలు లిక్విడ్ నింపుకుని వాడే పాడ్. రెండింటి గురించీ రాస్తున్నాను. కంపెనీల పేర్లు రాయడం లేదు, ఎందుకంటే ఈ రకం వస్తువులన్నీ పై రంగులు తీసేస్తే లోపల దాదాపు ఒకటే.

కొనే ఆలోచన ఉంటే ముందు మీరున్న చోట చట్టం ఏమంటోందో చూసుకోండి. భారత్‌లో 2019 నుంచి వీటి తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. సింగపూర్, థాయిలాండ్, బ్రెజిల్‌లలోనూ అమ్మకూడదు. ఆస్ట్రేలియాలో మందుల షాపుల్లో తప్ప వేరేచోట అమ్మకూడదు. బ్రిటన్‌లో మాత్రం సిగరెట్ మానాలనుకునే పది లక్షల మందికి వేప్ కిట్లు ఇస్తామని 2023లో ప్రభుత్వమే ప్రకటించింది. ఒక దేశంలో జైలుకి పంపే వస్తువు ఇంకో దేశంలో మానేయడానికి సాయం కింద చేతికిస్తున్నారు. ఇంత తేడా ఎందుకొచ్చిందో నాకు వాడాకే కొంత అర్థమైంది. నేను రాసేది చట్టప్రకారం అమ్మే చోట, లేబుల్ ఉన్న సరుకు గురించే. దొంగచాటుగా దొరికేదాంట్లో ఏముందో అమ్మేవాడికి కూడా తెలియదు, దాని జోలికి పోవద్దు.

మొదట డిస్పోజబుల్. గుప్పిట్లో పెట్టుకుంటే బయటికి కనపడదు. పైన ఊదారంగు, కిందికొచ్చేసరికి గులాబీ రంగులోకి దిగిపోతుంది, చేతికి మెత్తగా రబ్బరులా తగులుతుంది. బటన్ లేదు, స్క్రీన్ లేదు, నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. పెదాల మధ్య పెట్టుకుని గాలి లాగితే లోపల సెన్సర్ పసిగడుతుంది, అడుగున నీలం లైటు వెలుగుతుంది, బ్యాటరీ సన్నటి తీగని వేడెక్కిస్తుంది, ఆ తీగని అంటుకుని ఉన్న దూదిలోని లిక్విడ్ తుంపరగా మారి నోట్లోకి వస్తుంది. లిక్విడ్ అంటే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం కలిపే రసాయనాలు. ఆ వచ్చేదాన్ని అందరూ ఆవిరి అంటున్నారు, నాకు ఆ మాట నచ్చదు. ఆవిరి అనగానే జలుబు చేసినప్పుడు పట్టుకునేది గుర్తొస్తుంది, మంచిదే కదా అనిపిస్తుంది. ఇది నీటి ఆవిరి కాదు. ఊపిరితిత్తుల లోపలికంటా వెళ్ళగలిగేంత సన్నని బిందువులు, వాటితోపాటు తీగ నుంచి వచ్చే నికెల్, క్రోమియం లాంటి లోహాలు కూడా కొద్దికొద్దిగా ఉంటాయని పరీక్షల్లో తేలింది.

మొదటి దమ్ముకి దగ్గు వస్తుందని సిద్ధపడి ఉన్నాను. రాలేదు. గొంతులో చిన్న చల్లదనం, నాలుక మీద పుచ్చకాయ తీపి, కొన్ని సెకన్లలో తలలో ఆ తెలిసిన తేలిక. ఇంత మెత్తగా దిగడం వెనక ఒక కెమిస్ట్రీ కిటుకు ఉంది. పాతరకం ఈ-సిగరెట్లలో వాడిన నికోటిన్ గొంతును కరిచేది, మోతాదు పెంచితే లాగలేకపోయేవాళ్ళు. దానికి బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపితే నికోటిన్ సాల్ట్ అవుతుంది, క్షార గుణం తగ్గుతుంది, ఘాటు పోతుంది, ఎక్కువ మోతాదు కూడా హాయిగా దిగుతుంది. అమెరికాలో 2015లో వచ్చిన జూల్ అనే ఈ-సిగరెట్ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది, అది కూడా మిల్లీలీటరుకి 59 మిల్లీగ్రాముల నికోటిన్‌తో. యూరోపియన్ యూనియన్ పెట్టిన పరిమితి 20 మిల్లీగ్రాములు.

సిగరెట్‌లో ఉన్న ఒకే ఒక్క మంచి ఏమిటంటే, అది మొదటిసారి తాగినవాణ్ణి తరిమికొడుతుంది. దగ్గు, కళ్ళలో నీళ్ళు, కడుపులో తిప్పడం. నాతోపాటు కాలేజీలో మొదలుపెట్టిన వాళ్ళలో ముగ్గురు ఆ మొదటి సిగరెట్ దగ్గరే ఆగిపోయారు, ఈరోజుకీ ముట్టుకోలేదు. ఈ పుచ్చకాయ రుచి దమ్ము అప్పుడు మా చేతికి వచ్చి ఉంటే ఆ ముగ్గురూ ఆగేవాళ్ళని నేను అనుకోను.

వారం పది రోజులు వాడాక నాకు తెలిసొచ్చింది ఇంకోటుంది. సిగరెట్‌కి చివర ఉంటుంది. లేచి బయటికెళ్ళాలి, వెలిగించాలి, అయిదారు నిమిషాల్లో వేళ్ళ దగ్గరికి కాలుతూ వస్తుంది, పీక నలిపేసి లోపలికొస్తాం. సాయంత్రం ప్యాకెట్ తీసి చూస్తే ఎన్ని తాగామో లెక్క తెలుస్తుంది, కాస్త సిగ్గు కూడా వేస్తుంది. దీనికి అలా ఆగే చోటు లేదు. ఫోన్ చూస్తూ ఒక దమ్ము, మెయిల్ పంపి ఒక దమ్ము, కుక్కర్ విజిల్ కోసం చూస్తూ రెండు దమ్ములు. ఒక ఆదివారం పాత కవరు వెనక గీతలు గీశాను, ప్రతి దమ్ముకీ ఒక గీత, అయిదేసి గీతలకి ఒక కట్ట. రాత్రి పడుకునే ముందు లెక్కపెడితే 231. సిగరెట్‌కి పది పన్నెండు దమ్ములు అనుకున్నా అది ఇరవై సిగరెట్ల లెక్క, అదీ ఏ టెన్షనూ లేని ఆదివారం. ఆ నెలలోనే అర్ధరాత్రి మెలకువ వస్తే దిండు కింద చెయ్యి పెట్టి వెతుక్కోవడం మొదలైంది. సిగరెట్ తాగిన పదిహేడేళ్ళలో నేను ఒక్కసారి కూడా పక్క మీద నుంచి లేవకుండా తాగింది లేదు.

ఈ చివర లేకపోవడం నా ఒక్కడి సమస్య అయితే ఇంత రాయను. పొగాకు నియంత్రణ అని ఇన్నేళ్ళుగా ప్రపంచం కట్టుకున్నదంతా సిగరెట్ కనిపిస్తుంది, వాసనొస్తుంది, లెక్కకి అందుతుంది అన్న నమ్మకం మీద కట్టుకున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 2003లో ఆమోదం పొంది 2005లో అమల్లోకి వచ్చింది, 180కి పైగా దేశాలు అందులో ఉన్నాయి. పన్ను పెంచడం, బహిరంగ ప్రదేశాల్లో పొగ ఆపడం, ప్యాకెట్ మీద బొమ్మల హెచ్చరికలు, ప్రకటనల నిషేధం, మానేసేవాళ్ళకి సాయం, ఎంతమంది తాగుతున్నారో గమనిస్తూ ఉండడం. ఇవన్నీ పనిచేశాయి. తాగేవాళ్ళ శాతం చాలా దేశాల్లో నిజంగానే తగ్గింది. అయినా పొగాకు వల్ల ఇప్పటికీ ఏటా 70 లక్షల మందికి పైగా చనిపోతున్నారు, కాబట్టి ఆ పని సగంలోనే ఉంది. సరిగ్గా ఆ సగంలో ఇది వచ్చి పడింది. సిగరెట్ కొలతలకి కుట్టిన చొక్కా దీనికి ఎక్కడా సరిపోవడం లేదు.

పొగ నిషేధం సంగతే చూడండి. ఆఫీసులో సిగరెట్ వెలిగిస్తే అరనిమిషంలో ఎవరో ఒకరు తలెత్తి చూస్తారు. ఇది నేను ఆఫీసు వాష్‌రూమ్‌లో లాగాను, లిఫ్ట్‌లో ఒంటరిగా ఉన్నప్పుడు లాగాను, మీటింగ్ మధ్యలో చొక్కా చేతిలోకి వదిలాను. చాలా తప్పు పని, ఒప్పుకుంటున్నాను, కానీ ఒక్కరూ కనిపెట్టలేదు. కనిపెట్టినా ఏమని అడగాలో వాళ్ళకి తెలియదు, ఎందుకంటే గోడ మీద బోర్డు పొగతాగరాదు అంటోంది, ఇందులో పొగ లేదు.

హెచ్చరిక బొమ్మలు ఇంకా విచిత్రం. సిగరెట్ ప్యాకెట్ రోజుకి పదిహేనుసార్లు జేబులోంచి తీస్తాం, పదిహేనుసార్లూ ఆ కుళ్ళిన గొంతు బొమ్మ కంటబడుతుంది. నా కూతురు చిన్నప్పుడు ఆ బొమ్మ చూసి ఏడ్చింది, నేను రెండోసారి మానడానికి కారణం అదే. డిస్పోజబుల్‌కి హెచ్చరిక ఉంటుంది, అట్టపెట్టె మీద. నికోటిన్ వ్యసనం కలిగించే పదార్థం అని నల్ల అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ పెట్టె మొదటిరోజే చెత్తబుట్టలోకి పోతుంది. వారం పాటు చేతిలో ఉండేది ఊదా, గులాబీ రంగుల బొమ్మలాంటి వస్తువు మాత్రమే. హెచ్చరిక వస్తువు ఒంటి మీదే ఉండాలని, రంగులు తీసెయ్యాలని నేను గట్టిగా అంటాను.

పన్ను దగ్గరికొస్తే సిగరెట్‌కి ఒక్కోదాని మీద వేయొచ్చు. దీనికి దేని మీద వెయ్యాలి? లిక్విడ్ మిల్లీలీటర్ల మీదా, నికోటిన్ మిల్లీగ్రాముల మీదా, పరికరం మీదా? ఒక్కో దేశం ఒక్కోలా వేస్తోంది. లిక్విడ్ మీదే వేస్తే కంపెనీలు తక్కువ లిక్విడ్‌లో ఎక్కువ నికోటిన్ పెట్టి అమ్మగలవు. అసలు ఇది పొగాకు వస్తువేనా అన్నది మరో తకరారు. పొగాకు ఒప్పందంలో పొగాకు వస్తువు అంటే ఆకు పొగాకుతో చేసింది అని ఉంది. ఇందులో ఆకు లేదు. అమెరికాలో కొన్ని కంపెనీలు ఇంకో అడుగు ముందుకేసి నికోటిన్‌ని కూడా ఆకు నుంచి తీయకుండా ల్యాబ్‌లో తయారుచేసి, మాకు పొగాకు చట్టం వర్తించదు అన్నాయి. 2022 మార్చిలో అక్కడి కాంగ్రెస్ చట్టం మార్చి, నికోటిన్ ఎక్కడినుంచి వచ్చినా సరే నియంత్రణ కిందికే వస్తుంది అని రాస్తే గానీ ఆ కంత మూతపడలేదు. చట్టం రాయడానికి ఏళ్ళు పడుతుంది, కొత్త మోడల్ బయటికి రావడానికి నెలలు చాలు.

ఇక మా మేనల్లుడి సంగతి. సెలవులకి వచ్చాడు, పద్నాలుగేళ్ళు. నేను బాల్కనీలో రెండు దమ్ములు లాగి లోపలికొచ్చాను, తలుపు కూడా వేశాను. వాడు సోఫాలో ఫోన్ చూసుకుంటూనే తలెత్తకుండా అన్నాడు, "మావయ్యా, వాటర్‌మెలన్ ఐసా?"

నాకు కాళ్ళు ఆడలేదు. నా భార్యకి మూడు నెలలుగా తెలియని వాసన వాడికి పేరుతో సహా తెలుసు. పక్కన కూర్చుని అడిగాను, నీకెలా తెలుసురా అని. "మా క్లాసులో అందరికీ తెలుసు మావయ్యా. బాత్రూమ్‌లో కొడతారు. ఒకడి దగ్గర హైలైటర్ పెన్నులా ఉండేది ఉంది, టీచర్ ముందే డెస్క్ మీద పెడతాడు." మరి సిగరెట్లు తాగుతారా అంటే మొహం చిట్లించాడు. "ఛీ, సిగరెట్ ఎవరు తాగుతారు, కంపు. ఇది సిగరెట్ కాదు కదా."

నువ్వు లాగావా అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. ఫోన్ కవర్ అంచు గోరుతో గీకుతూ, "రెండుసార్లు. బావుంది. దగ్గు కూడా రాలేదు" అన్నాడు. అక్కకి చెప్పాను, వాడి ముందే, వాణ్ణి తిట్టొద్దని ముందుగా మాట తీసుకుని. వాడితో నేను చెప్పింది ఒకటే: దగ్గు రాకపోవడమే దాంట్లో ఉన్న మోసం, మొదటి సిగరెట్‌కి వచ్చిన దగ్గే నా స్నేహితులు ముగ్గుర్ని కాపాడింది. ఆ వయసులో మెదడు ఇంకా తయారవుతూ ఉంటుంది, పాతికేళ్ళ దాకా అవుతూనే ఉంటుంది, నికోటిన్ అక్కడ పాతుకున్నంత తేలిగ్గా నలభై ఏళ్ళవాడిలో పాతుకోదు.

వాడు చెప్పినదాంట్లో అతిశయోక్తి లేదని తర్వాత లెక్కలు చూస్తే తెలిసింది. అమెరికాలో 2019 సర్వేలో హైస్కూల్ పిల్లల్లో 27.5 శాతం మంది గత నెల రోజుల్లో ఈ-సిగరెట్ వాడామన్నారు. అంతకుముందు ఏడాది చివర్లోనే అక్కడి సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యం గురించి ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టర్, దీన్ని అంటువ్యాధిలా ప్రబలిపోయిందని ప్రకటించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 అక్టోబర్‌లో చెప్పిన అంచనా ప్రకారం ప్రపంచంలో పది కోట్ల మందికి పైగా వేప్ చేస్తున్నారు, అందులో 13 నుంచి 15 ఏళ్ళ పిల్లలే కనీసం కోటిన్నర మంది. అదే సంస్థ 2023 డిసెంబర్‌లో చెప్పినదాన్ని బట్టి 34 దేశాల్లో అమ్మకం నిషేధం, 88 దేశాల్లో ఎన్నేళ్ళవాళ్ళు కొనొచ్చన్న కనీస వయసే లేదు, 74 దేశాల్లో ఏ నియమమూ లేదు. పిల్లాడు అడిగితే ఇచ్చెయ్యడానికి చట్టం అడ్డురాని దేశాలు ఇన్ని ఉన్నాయి.

అయితే ఆపలేనిది కూడా కాదు. అమెరికాలోనే 2024కి వచ్చేసరికి మిడిల్, హైస్కూల్ పిల్లలు కలిపి 5.9 శాతానికి తగ్గింది. కొనే వయసు 21కి పెంచారు, రుచుల మీద పడ్డారు, జూల్ మీద రాష్ట్రాలు కేసులు వేశాయి. మధ్యలో ఒక పెద్ద పొరపాటు మాత్రం జరిగింది. 2020 మొదట్లో పండ్ల రుచుల క్యాట్రిడ్జ్‌లని, అంటే పరికరంలో మార్చుకునే లిక్విడ్ డబ్బాలని, ఆపేసి డిస్పోజబుల్స్‌ని ఆ నిర్ణయంలోంచి వదిలేశారు. పిల్లలందరూ క్యాట్రిడ్జ్ వదిలి డిస్పోజబుల్ పట్టుకున్నారు.

ఇంత రాశాక, మరి ఇది పెద్దవాళ్ళకి సిగరెట్ మానడానికి పనికొస్తుందా అని అడిగితే, వస్తుంది. దాచడం నాకిష్టం లేదు. బ్రిటన్‌లో సిగరెట్ మాన్పించే కేంద్రాల్లో 886 మంది మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది తర్వాత చూస్తే ఈ-సిగరెట్ ఇచ్చినవాళ్ళలో 18 శాతం మంది, ప్యాచ్, గమ్ లాంటివి ఇచ్చినవాళ్ళలో 9.9 శాతం మంది సిగరెట్ వదిలేశారు. దాదాపు రెట్టింపు. తర్వాత వచ్చిన, అధ్యయనాలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్షలు కూడా అదే మాటంటున్నాయి. కానీ అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది, అమ్మేవాళ్ళెవరూ చెప్పరు. అలా వదిలేసినవాళ్ళలో ఏడాది తర్వాత కూడా వేప్ వాడుతూనే ఉన్నవాళ్ళు 80 శాతం. ప్యాచ్, గమ్‌తో మానినవాళ్ళలో అవి ఇంకా వాడుతున్నవాళ్ళు 9 శాతం. నేను గీసిన 231 గీతలు ఆ 80 శాతంలోవే.

నా ఒంటికి తెలిసిన తేడా కూడా రాస్తాను. సిగరెట్ పూర్తిగా ఆపేసిన ఆరు వారాలకి పొద్దున్నే కళ్ళె పడటం ఆగింది. మూడంతస్తులు ఎక్కితే ఆయాసం తగ్గింది. కూతురు మెడ చుట్టూ చేతులేసి మొహం పక్కకి తిప్పుకోకుండా మాట్లాడుతోంది, ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ. కాలడం లేదు కాబట్టి తారు లేదు, కార్బన్ మోనాక్సైడ్ లేదు, క్యాన్సర్ తెచ్చే చాలా రసాయనాలు సిగరెట్ పొగతో పోలిస్తే బాగా తక్కువ. తక్కువ అంటే లేవని కాదు, ఇరవై ముప్పై ఏళ్ళు లాగినవాళ్ళ ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో చూడటానికి ఈ వస్తువుకి అంత వయసు లేదు. ఇప్పటి రూపంలో చైనాలో 2003లో హాన్ లిక్ అనే ఫార్మసిస్ట్ చేతుల్లో పుట్టింది. బ్రిటన్ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన 95 శాతం తక్కువ హాని అనే అంకె ప్రతి అమ్మకందారు నోటా వినిపిస్తుంది. అది కొందరు నిపుణులు కూర్చుని వేసిన అంచనా మీద ఆధారపడ్డది, అప్పుడే దాని మీద విమర్శలు వచ్చాయి. సిగరెట్ కన్నా హాని చాలా తక్కువ అన్నంతవరకు నమ్ముతాను, అంకె మాత్రం నమ్మను.

రెండో నెలలో నేను చేసిన తప్పు మీరు చెయ్యొద్దు. లోపల వేప్, బయట సిగరెట్. రోజుకి మూడు సిగరెట్లకి తగ్గించాను కదా, నాలుగింట మూడొంతులు మానేసినట్టే అని లెక్క వేసుకున్నాను. గుండె ఆ లెక్క ఒప్పుకోదు. రోజుకి ఒక్క సిగరెట్ తాగేవాళ్ళకి కూడా గుండెజబ్బు ముప్పు, ఇరవై తాగేవాళ్ళకి ఎంత పెరుగుతుందో అందులో దాదాపు సగం పెరుగుతుందని 2018లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి తేల్చారు. రెండూ వాడటం అంటే మానకుండా ఉండటానికి ఒక సాకు దొరకడం, నా అనుభవంలో అంతే. మానితే సిగరెట్ ఒక్కసారిగా ఆపండి.

ఇప్పుడు పాడ్. మొదటి వారం చికాకు పెట్టింది. మూతి పక్కనున్న చిన్న రబ్బరు బిరడా తీసి, సీసా ముక్కు దూర్చి, మెల్లగా నొక్కాలి. కొంచెం ఎక్కువైతే కారుతుంది, వేళ్ళకి జిగట. నింపగానే లాగకూడదు, దూది నానడానికి పది నిమిషాలు ఆగాలి. నేను ఆగలేదు. ఎండు దూది మాడి గొంతులోకి వచ్చిన ఆ దమ్ము రుచి రెండ్రోజులు పోలేదు, కాలిన గుడ్డ నమిలినట్టు. అలా ఎండుగా మాడినప్పుడే ఫార్మాల్డిహైడ్ లాంటివి ఎక్కువగా పుడతాయి, కాబట్టి మాడు రుచి తగిలితే ఇంకో దమ్ము లాగి చూద్దాం అనుకోకండి, కాయిల్, అంటే ఆ వేడెక్కే తీగ, మార్చండి. నాకు రెండు వారాలకి ఒకటి చొప్పున అయిపోయేది. రెండు పాడ్‌లు కారాయి, ఒకసారి చొక్కా జేబు తడిసి చర్మానికి తగిలితే సబ్బుతో కడుక్కోవాల్సి వచ్చింది. ఆ లిక్విడ్ మింగితే చిన్నపిల్లల ప్రాణానికే ప్రమాదం, నేను సీసాని మందుల పెట్టెలో పెట్టి తాళం వేస్తాను.

ఈ చికాకులన్నీ ఉన్నా డిస్పోజబుల్ కన్నా పాడ్ వంద రెట్లు నయం అంటాను, ఒకే కారణానికి. దీనికి చివర మనమే పెట్టుకోవచ్చు. డిస్పోజబుల్‌లో ఎంత నికోటిన్ ఉంటే అంతే, తగ్గించుకునే దారి లేదు. సీసాల్లో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నుంచి 12కి, 12 నుంచి 6కి, 6 నుంచి 3కి దిగొచ్చు. రెండు నెలలకి ఒక మెట్టు చొప్పున దిగాను. 12 నుంచి 6కి దిగిన మొదటి వారం తలనొప్పి, చిరాకు, ఇంట్లో ఊరికే కేకలు. తక్కువ మోతాదుకి దిగినప్పుడు దమ్ములు పెరుగుతాయి, అది గమనించుకోవాలి, లేకపోతే దిగినట్టే ఉంటుంది గానీ దిగము. రుచి కూడా మార్చాను. పుచ్చకాయ వదిలి ఏ తీపీ లేని పొగాకు రుచి తెచ్చుకున్నాను, దాంతో ఊరికే లాగాలనిపించడం చాలా తగ్గింది. పండ్ల రుచులు లేకపోతే పెద్దవాళ్ళు సిగరెట్‌కి తిరిగిపోతారు అని అంటారు. మొదటి నెల ఆ పుచ్చకాయే నన్ను సిగరెట్ నుంచి లాగిందని ఒప్పుకుంటాను. మా వాడికి పేరుతో సహా తెలిసింది కూడా అదే పుచ్చకాయ. రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే పిల్లాడి వైపే నిలబడతాను, నాలాంటివాళ్ళకి ఇంకో దారి డాక్టర్లు వెతకొచ్చు.

నిషేధం పెడితే సరిపోతుందా అంటే దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. నిషేధించిన చోట్ల కూడా దొంగ సరుకు తిరుగుతూనే ఉంది. లేబుల్ లేని లిక్విడ్ ఏం చేయగలదో 2019లో అమెరికాలో చూశారు. 2020 ఫిబ్రవరి నాటికి ఊపిరితిత్తులు దెబ్బతిని 2,807 మంది ఆసుపత్రి పాలైనట్టు లేదా చనిపోయినట్టు లెక్క తేలింది, అందులో 68 మరణాలు. ఎక్కువమంది వాడింది గంజాయి పదార్థం కలిపిన బయటి సరుకు, అందులో చిక్కదనం కోసం కలిపిన విటమిన్ ఈ అసిటేట్ ప్రధాన కారణంగా తేలింది. బ్రిటన్ 2025 జూన్ 1 నుంచి డిస్పోజబుల్స్ అమ్మకాన్ని నిషేధించింది. వెంటనే అదే ఆకారం, అదే రంగులు, ఒక చార్జింగ్ కంత, మార్చుకునే పాడ్ తగిలించి కొత్త మోడళ్ళు వచ్చాయి. అంతకుముందు ఆ ఒక్క దేశంలోనే వారానికి దాదాపు 50 లక్షల డిస్పోజబుల్స్ పారేస్తున్నారని 2023లో లెక్కగట్టారు. ఒక్కోదాంట్లో మళ్ళీ చార్జ్ చేయగలిగే లిథియం బ్యాటరీ. నేను ఒకటి విప్పి చూశాను, దూది ఎండిపోయింది గానీ బ్యాటరీ నిక్షేపంగా ఉంది.

పైగా ఇది సిగరెట్ కంపెనీలకి పోటీ అనుకుంటే అది కూడా తప్పే. మార్ల్‌బొరో అమ్మే ఆల్ట్రియా 2018 డిసెంబర్‌లో జూల్‌లో 35 శాతం వాటాని 1,280 కోట్ల డాలర్లు పెట్టి కొంది. బ్రిటిష్ అమెరికన్ టొబాకోకి వ్యూజ్ అనే వేప్ ఉంది. సిగరెట్ అమ్మే చేత్తోనే సిగరెట్ మానే సాధనం అమ్ముతున్నారు, ఇప్పుడు మేం కూడా ఆరోగ్యం వైపే అని నియమాలు రాసే బల్ల దగ్గర కూర్చోవాలని చూస్తున్నారు. పొగాకు ఒప్పందంలో 5.3 అధికరణం సరిగ్గా దీన్ని ఆపడానికే ఉంది, ఆరోగ్య విధానాల మీద పొగాకు కంపెనీల ప్రయోజనాలు పడకుండా కాపాడాలని.

కాబట్టి నా మార్కులు ఇలా. డిస్పోజబుల్‌కి అయిదుకి సున్నా ఇస్తాను, దానివల్లే నేను సిగరెట్ ఆపానని తెలిసి కూడా. పాడ్‌కి అయిదుకి మూడు, అది కూడా సిగరెట్ తాగుతూ ప్యాచ్, గమ్, మందులు, కౌన్సెలింగ్ అన్నీ చూసి ఓడిపోయిన పెద్దవాళ్ళకి మాత్రమే. సిగరెట్ అలవాటు లేనివాళ్ళు, గర్భంతో ఉన్నవాళ్ళు, ఇరవై ఏళ్ళు కూడా నిండనివాళ్ళు ఈ రివ్యూ చదివి కొనొద్దు. తీసుకునేవాళ్ళు మొదటిరోజే ఆపే తేదీ రాసి పెట్టుకోండి, పరుపు దగ్గరికి రానివ్వకండి, వారానికి ఒకరోజైనా గీతలు గీసి లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు 3 మిల్లీగ్రాముల సీసా మీద ఉన్నాను. పోయిన ఆదివారం గీతలు 46 వచ్చాయి. పాడ్‌ని బాల్కనీ గూట్లో పెడుతున్నాను, లాగాలంటే లేచి వెళ్ళి తలుపు తీయాలి. మొన్న మేనల్లుడు ఫోన్ చేసి, "మావయ్యా, ఇంకా ఎన్ని రోజులు?" అని అడిగాడు. ఇరవై రెండు రోజులని చెప్పాను.